55 రావాల్సిన చోట 45: చిన్న లూప్‌లో తప్పు ఎక్కడ దాక్కుంటుంది?

ఒకటి నుంచి పది వరకు సంఖ్యలు కూడితే 55. బడి పిల్లలు వేళ్ల మీద చెప్పే లెక్క. ఇదే లెక్క కంప్యూటర్ చేత చేయించబోతే మాత్రం, ప్రోగ్రామింగ్‌కి కొత్తవాళ్లు చాలామంది మొదటిసారి బోల్తా పడేది ఇక్కడే.

మొన్న రాత్రి పదకొండింటికి మా మేనకోడలు ఫోన్ చేసింది. బీటెక్ మొదటి సంవత్సరం, మర్నాడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్. "మామయ్యా, 45 వస్తోంది. ఎర్రర్ కూడా ఏమీ చూపించట్లేదు. మూడుసార్లు చదివాను, ప్రోగ్రాం అంతా కరెక్టుగానే ఉంది."

అంతా కరెక్టుగానే ఉంటుంది, జవాబు ఒక్కటే తప్పు. దీన్నే లాజిక్ తప్పు అంటారు. కామా మరిచిపోయినా, బ్రాకెట్ మూయకపోయినా కంప్యూటర్ వెంటనే గొడవ చేస్తుంది. అది వ్యాకరణం తప్పు కాబట్టి ఏ లైనులో ఉందో కూడా దాదాపుగా చెప్పేస్తుంది. లాజిక్ తప్పు అలా కాదు. మనం రాసింది రాసినట్టు అది శ్రద్ధగా చేస్తుంది. మనం రాసింది ఒకటి, అనుకున్నది మరొకటి అయినప్పుడు ఆ తేడా దానికి తెలిసే మార్గం లేదు. ఈ తేడాను వెతికి పట్టుకోవడమే డీబగ్గింగ్.

లూప్‌లో ఉండేవి నాలుగే ముక్కలు

ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్ ముక్కని లూప్ అంటారు. ఏ భాషలో రాసినా లెక్కపెట్టే లూప్ అస్థిపంజరం ఒకటే. ఇక్కడ తెలుగు మాటల్లోనే రాస్తున్నాను:

మొత్తం = 0
ఐ = 1
ఐ < 10 ఉన్నంతసేపు:
    మొత్తం = మొత్తం + ఐ
    ఐ = ఐ + 1
మొత్తం చూపించు

ఇందులో "ఐ" ఒక పెట్టె పేరు, "మొత్తం" ఇంకో పెట్టె పేరు. ప్రోగ్రామర్లు వీటిని వేరియబుల్స్ అంటారు. సమానం గుర్తుని లెక్కల పుస్తకంలో లాగా చదివితే "ఐ = ఐ + 1" అర్థం లేని మాట అవుతుంది. ఇక్కడ దాని అర్థం: కుడివైపున్నది లెక్కగట్టి, వచ్చినదాన్ని ఎడమవైపు పెట్టెలో పెట్టు.

నాలుగు ముక్కలు ఏవంటే, ఎక్కడ మొదలుపెట్టాలి (ఐ = 1), ఇంకో చుట్టు తిరగాలా వద్దా అని అడిగే షరతు (ఐ < 10), ప్రతి చుట్టులో చేసే పని (కూడటం), చుట్లు లెక్కపెట్టే కౌంటర్‌ని ముందుకు జరపడం (ఐ = ఐ + 1). షరతుని ప్రతి చుట్టుకీ మొదట్లో చూస్తుంది, మధ్యలో చూడదు. ఈ చిన్న సంగతి తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు చివరి చుట్టు దగ్గర నిలబడి చూద్దాం. ఐలో 9 ఉంది. 9 అనేది 10 కంటే తక్కువే కాబట్టి లోపలికి వెళ్లి 9 కూడింది. ఐ 10 అయింది. మళ్లీ షరతు: 10 అనేది 10 కంటే తక్కువా? కాదు. బయటికి వచ్చేసింది. పది గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. జవాబులో తగ్గింది కూడా సరిగ్గా పదే. షరతులో "తక్కువ" ఉన్న చోట "తక్కువ లేదా సమానం" పెడితే 55 వస్తుంది.

తప్పు జవాబు కూడా సాక్ష్యం చెబుతుంది

జవాబు తప్పనగానే చాలామంది ఆ సంఖ్యను పక్కన పడేసి కోడ్ వైపు చూస్తారు. నాకు మాత్రం ఆ తప్పు సంఖ్యే అన్నిటికంటే విలువైన ఆధారం అనిపిస్తుంది. ఈ ఒక్క లెక్కలోనే ఏ తప్పు చేస్తే ఏ సంఖ్య వస్తుందో చూడండి.

65 వచ్చిందంటే, కూడే లైను, ఐని పెంచే లైను తారుమారయ్యాయి. షరతు "10 లేదా అంతకంటే తక్కువ" అనే సరిగ్గా ఉంది. కానీ ముందు పెంచి తర్వాత కూడటం వల్ల 1 నుంచి 10 బదులు 2 నుంచి 11 కూడింది. ఇదే తారుమారు, షరతు కేవలం "10 కంటే తక్కువ" అయినప్పుడు జరిగితే 2 నుంచి 10 వరకు కూడి 54 ఇస్తుంది. 56 వస్తే మొత్తాన్ని సున్నా బదులు ఒకటితో మొదలుపెట్టి ఉంటారు. 10 వస్తే "మొత్తం = 0" అనే లైను లూప్ లోపలికి జారిపోయింది. ప్రతి చుట్టులోనూ పాత లెక్క చెరిపేసి, ఆఖరి చుట్టులో కూడిన 10 ఒక్కటే మిగిల్చింది. 1 వస్తే, జవాబు తిరిగిచ్చి పని ముగించే రిటర్న్ అనే లైను లూప్ లోపల ఉండి, మొదటి చుట్టులోనే ఇంటికి పంపించేసింది.

11 కథ వేరు. అది నా సొంత అనుభవం. మా రోజుల్లో సి భాష ల్యాబ్. కోడ్ అంతా చక్కగా ఉంది, జవాబు 11. దాదాపు గంటసేపు తల పట్టుకుని కూర్చున్నాను. చివరికి పక్క సిస్టమ్ మీద ఉన్నవాడు నా స్క్రీన్ వైపు వంగి చూసి, లూప్‌ని మొదలుపెట్టే ఫర్ అనే లైను చివర ఉన్న సెమీకోలన్ మీద వేలు పెట్టాడు. సి భాషలో ఆ సెమీకోలన్ అక్కడ పడితే "లూప్ చేయాల్సిన పని ఏమీ లేదు" అని అర్థం. లూప్ ఖాళీగా తిరుగుతూ ఐని 11 దాకా తీసుకెళ్లి ఆగింది. కింద నేను లోపలికి జరిపి రాసుకున్న కూడే లైను లూప్‌తో సంబంధం లేకుండా ఒక్కసారి నడిచి, సున్నాకి 11 కలిపింది. అందులో అర్థం కానిదేమీ లేదు. 11 అనేది 10కి తర్వాతి సంఖ్య అని నాకు అప్పుడు తట్టలేదు, అంతే.

ఒకే 45, రెండు వేర్వేరు జబ్బులు

జవాబు ఒక్కటే చూస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. పైథాన్‌లో "రేంజ్" అని ఒకటుంది. రెండు సంఖ్యలిస్తే మొదటిదాని దగ్గర మొదలై, రెండోదానికి ఒకటి ముందే ఆగుతుంది. ఒక్క సంఖ్యే ఇస్తే సున్నా దగ్గర మొదలవుతుంది. మా మేనకోడలు రాసింది రేంజ్(1, 10). దాని స్నేహితురాలు రాసింది రేంజ్(10). ఇద్దరికీ 45 వచ్చింది. "ఇద్దరం ఒకే తప్పు చేశాం" అని ఇద్దరూ నమ్మారు.

పదిని మూడుకి తగ్గిద్దాం, కాగితం మీద పట్టేలాగా. రావాల్సింది 1 + 2 + 3, అంటే 6.

రేంజ్(1, 3) ఇలా నడుస్తుంది:
మొదటి చుట్టు: ఐ 1, మొత్తం 1
రెండో చుట్టు: ఐ 2, మొత్తం 3

రేంజ్(3) ఇలా:
మొదటి చుట్టు: ఐ 0, మొత్తం 0
రెండో చుట్టు: ఐ 1, మొత్తం 1
మూడో చుట్టు: ఐ 2, మొత్తం 3

రెండిట్లోనూ జవాబు 3. కానీ మొదటిది రెండు చుట్లే తిరిగింది, రెండోది మూడు చుట్లూ పూర్తిగా తిరిగింది. ఎన్నిసార్లు తిరగాలి అన్న లెక్క ఒకచోట తప్పింది. ఏ సంఖ్యలు కూడాలి అన్న లెక్క ఇంకోచోట తప్పింది. సున్నా కలిపితే మొత్తం మారదు కాబట్టి రెండో తప్పు కనపడకుండా దాక్కుంది.

కూడే చోట గుణించి చూస్తే ఆ ముసుగు తొలగిపోతుంది. మొత్తాన్ని 1తో మొదలుపెట్టి గుణిస్తూ పోతే, రేంజ్(1, 10) ఇచ్చేది 3,62,880. అసలు రావాల్సింది 36,28,800 కాబట్టి పది గుణించడం మరిచిపోయిందని తెలిసిపోతుంది. రేంజ్(10)కి వచ్చేది సున్నా. మొదటి చుట్టులోనే సున్నాతో గుణించాక ఇంకేం మిగులుతుంది?

ఇలా కాగితం మీద చుట్టు చుట్టుకీ పెట్టెల్లో ఏముందో రాసుకుంటూ పోవడాన్ని డ్రై రన్ అంటారు. ల్యాబ్ రికార్డుల్లో ఈ మాట ఉంటుంది గానీ, నిజంగా చేసేవాళ్లు తక్కువ.

గోల అంతా "వరకు" అనే మాటది

ఒకటి ఎక్కువో ఒకటి తక్కువో అయ్యే ఈ తప్పు ఇంత మామూలుగా ఎందుకు జరుగుతుంది? నా ఉద్దేశంలో కంప్యూటర్ కంటే మన మాటే దీనికి ఎక్కువ కారణం. "సెలవులు శుక్రవారం వరకు" అంటే శుక్రవారం కూడా సెలవే. "వంతెన వరకు వెళ్లి ఆగు" అంటే వంతెన ఎక్కమని కాదు. మాట ఒకటే, ఒకచోట చివరిది కలుస్తుంది, ఇంకోచోట కలవదు. సందర్భాన్ని బట్టి మనకి అర్థమైపోతుంది. సందర్భం తెలియని యంత్రానికి మాత్రం చివరిది కలపాలో వద్దో ముందే తేల్చి చెప్పాలి.

పదో తేదీ నుంచి పదిహేనో తేదీ వరకు లీవు పెడితే ఎన్ని రోజులు? పదిహేనులోంచి పది తీసేస్తే అయిదు. కానీ పోయేవి ఆరు రోజులు. జీ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవి ఆరు అంతస్తులు. ఎందుకంటే గ్రౌండ్ ఫ్లోర్ నుంచి లెక్క సున్నాతో మొదలైంది. అయిదో అంతస్తు అనే పేరు, అది కింది నుంచి ఆరోది అనే లెక్క రెండూ నిజమే. వస్తువుకి ఇచ్చే నంబరు వేరు, వస్తువుల సంఖ్య వేరు. ధాన్యం కొలిచేటప్పుడు మన పెద్దవాళ్లు మొదటి కొలతని "ఒకటి" అనకుండా "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. పేరు మారింది గానీ లెక్కలో ఒక్క కుంచం కూడా తేడా రాదు.

ఇంగ్లీషువాళ్లు ఈ తప్పుని కంచె స్తంభాల తప్పు అంటారు. వంద మీటర్ల పొడవున తిన్నగా కంచె వేయాలి, పది మీటర్లకో స్తంభం. ఎన్ని కావాలి? పది అంటే తప్పు, పదకొండు కావాలి. ఖాళీలు పది, వాటికి రెండు చివర్లా స్తంభాలుండాలి. అదే వంద మీటర్ల కంచె పొలం చుట్టూ తిరిగి మొదటి స్తంభం దగ్గరికే వచ్చి కలిస్తే పది చాలు. కాబట్టి "ఎప్పుడూ ఒకటి కలుపుకో" అన్న సూత్రం కూడా నమ్మదగ్గది కాదు. మనం లెక్కపెడుతున్నది స్తంభాలనా, ఖాళీలనా అన్నదే ప్రశ్న.

సున్నాతో మొదలా, ఒకటితో మొదలా

ఇక్కడ ప్రోగ్రామర్ల మధ్యే పాత తగాదా ఒకటుంది. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1982 ఆగస్టులో చేతిరాతతో ఒక చిన్న వ్యాసం రాశారు. 2, 3 అంటూ 12 వరకు ఉన్న సంఖ్యల వరుసని రాయడానికి నాలుగు పద్ధతులున్నాయి. రెండు చివరలూ కలుపుకోవచ్చు, రెండూ వదిలేయొచ్చు, మొదటిది కలిపి చివరిది వదలొచ్చు, మొదటిది వదిలి చివరిది కలపొచ్చు. మొదటిది కలిపి చివరిది వదిలే పద్ధతే, అంటే "2 నుంచి, 13 రాకముందు వరకు" అనేదే, మేలని ఆయన వాదించారు. ఎందుకంటే 13లోంచి 2 తీసేస్తే వచ్చే 11 సరిగ్గా ఆ వరుసలోని సంఖ్యల లెక్క. పైగా ఒక వరుస ఎక్కడ ముగిసిందో తర్వాతి వరుస అక్కడే మొదలవుతుంది, మధ్యలో సందు గానీ అతుకు గానీ ఉండదు. జెరాక్స్ పరిశోధనా కేంద్రంలో పుట్టిన మీసా అనే భాషలో ఈ నాలుగు పద్ధతులూ ఉండేవి. మిగతా మూడూ తప్పులకి దారి తీశాయన్న అక్కడి అనుభవాన్ని కూడా ఆయన ప్రస్తావించారు. పైథాన్ రేంజ్ నడిచేది ఈ దారిలోనే. సి భాషలో వరుసలోని మొదటి గదికి సున్నా నంబరు రావడానికి మరో కారణం ఉంది. ఆ నంబరు మొదటి గది నుంచి ఎంత దూరం అన్నది చెబుతుంది. మొదటి గదికి తన నుంచి తనకి దూరం సున్నా.

అవతలి పక్షం వాదన కూడా తీసిపారేసేది కాదు. ఫోర్ట్రాన్, బేసిక్, పాస్కల్ భాషల్లో "1 నుంచి 10" అంటే పది కూడా కలుస్తుంది, సామాన్యుడు అనుకున్నట్టే. మ్యాట్‌ల్యాబ్, ఆర్, జూలియా, లువా భాషల్లో వరుసలు ఒకటితోనే మొదలవుతాయి. లెక్కల పుస్తకంలో మాత్రికకి మొదటి వరుస ఒకటో వరుసే కాబట్టి, సూత్రాన్ని ఉన్నదున్నట్టు కోడ్‌లోకి దించుకోవచ్చు అంటారు వీళ్లు. నాకు డైక్‌స్ట్రా వాదనే బలంగా అనిపిస్తుంది. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి కష్టం ఏ ఒక్క పద్ధతితోనూ రాదు. ఉదయం ఒక భాష, సాయంత్రం ఇంకో భాష నేర్చుకుంటూ రెండిటి "వరకు"లూ కలగాపులగం చేసుకున్నప్పుడే అసలు చిక్కు.

ఆగని లూప్, ఒక్క రోజు చచ్చిపోయిన మ్యూజిక్ ప్లేయర్లు

ఇంతవరకు చూసినవి తప్పు జవాబులు. అసలు జవాబే రాకపోతే? ఐని పెంచే లైను మరిచిపోతే షరతు ఎప్పటికీ నిజమే అవుతుంది, లూప్ తిరుగుతూనే ఉంటుంది. కొత్తవాళ్లు మాత్రమే చేసే తప్పు ఇది అనుకుంటే పొరపాటు.

2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వాళ్ల జూన్ అనే మ్యూజిక్ ప్లేయర్లు (నెల పేరు కాదు, దాని పేరే అది) ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. అన్ని రకాలూ కాదు, 30 జీబీ మోడల్ మాత్రమే. లోపల గడియారానికి 1980 నుంచి ఎన్ని రోజులు గడిచాయో తెలుసు. దాన్నుంచి ఇది ఏ సంవత్సరమో లెక్కగట్టే లూప్ దాదాపు ఇలా ఉంది:

రోజులు > 365 ఉన్నంతసేపు:
    లీపు సంవత్సరం అయితే:
        రోజులు > 366 అయితే:
            రోజుల్లోంచి 366 తీసెయ్, సంవత్సరం 1 పెంచు
    లీపు కాకపోతే:
        రోజుల్లోంచి 365 తీసెయ్, సంవత్సరం 1 పెంచు

చదివితే ముచ్చటగానే ఉంది. ఇప్పుడు డ్రై రన్ చేద్దాం. 2008 లీపు సంవత్సరం, డిసెంబర్ 31 దాని 366వ రోజు. పాత సంవత్సరాలన్నీ తీసేశాక మిగిలింది 366. 365 కంటే ఎక్కువే కాబట్టి లోపలికి వెళ్లింది. లీపు సంవత్సరమే. 366 కంటే ఎక్కువా? కాదు, సమానం. కాబట్టి ఏమీ తీసేయలేదు, సంవత్సరమూ పెరగలేదు. మళ్లీ మొదటికొచ్చింది. అదే 366, అదే ప్రశ్న, అదే జవాబు. చుట్టు తర్వాత చుట్టు తిరుగుతున్నా ఏ పెట్టెలోనూ ఏమీ మారట్లేదు.

ఈ ప్లేయర్ 2006 నవంబర్‌లో మార్కెట్లోకి వచ్చింది. అంటే అది చూసిన మొదటి లీపు సంవత్సరపు చివరి రోజు ఇదే. రెండేళ్లకు పైగా ప్రతిరోజూ సరిగ్గా నడిచిన కోడ్, ఆ ఒక్క రోజు మాత్రం నడవదు. మర్నాటికి రోజులు 367 అవుతాయి, అందులోంచి 366 పోతే 1, సంవత్సరం 2009, అంతా మామూలే. కంపెనీ చెప్పిన పరిష్కారం కూడా దాదాపు అదే: బ్యాటరీ పూర్తిగా అయిపోనివ్వండి, జనవరి 1న గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం దాటాక చార్జింగ్ పెట్టండి.

రోజువారీ సంఖ్యల దగ్గర బుద్ధిగా ఉండే లూప్ అంచుల దగ్గర తిరగబడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు పదికి సరిగ్గా వచ్చిందని సంబరపడరు, ఒకటి ఇస్తే ఏమవుతుంది, సున్నా ఇస్తే ఏమవుతుంది అని అడుగుతారు. షరతుని చుట్టు చివర చూసే లూప్ ఒక రకం ఉంది, సి భాషలో డూ-వైల్ అంటారు. దాంతో కూడితే ఒకటికీ, పదికీ, వందకీ సరైన జవాబే వస్తుంది. సున్నా ఇస్తే మాత్రం 0 బదులు 1 వస్తుంది. అడగకముందే ఒక చుట్టు తిరిగేసింది మరి.

కళ్లకి కనపడని రెండు తప్పులు

కౌంటర్‌ని ఒక్కొక్కటి కాకుండా 0.1 చొప్పున పెంచుతూ, 1 వచ్చినప్పుడు ఆపమంటే చాలా భాషల్లో లూప్ ఆగదు. 0.1ని పదిసార్లు కూడితే కంప్యూటర్‌లో వచ్చేది 0.9999999999999999. మనం మూడో వంతుని దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే, అది పదో వంతుని 0, 1 అనే రెండు అంకెలతోనే రాసే తన లెక్కలో పూర్తిగా రాయలేదు. తర్వాతి చుట్టులో 1ని దాటేస్తుంది, "సమానమా" అన్న ప్రశ్నకి అవును అనే అవకాశం ఇక రాదు.

రెండోది మార్కుల జాబితా. 20, 25, 80, 30 ఉన్నాయి, 35 రానివాళ్లని తీసేయాలి. లూప్ మొదటి స్థానంలోని 20ని తీసేసింది. వెంటనే మిగతావి ఒక్కో అడుగు ముందుకి జరిగాయి, 25 వచ్చి మొదటి స్థానంలో కూర్చుంది. లూప్ రెండో స్థానానికి వెళ్లింది, అక్కడ 80 ఉంది, వదిలేసింది. తర్వాత 30ని తీసేసింది. చివరికి మిగిలింది 25, 80. పాతిక మార్కులవాడు పాసైపోయాడు! క్యూలో నిలబడ్డవాళ్లు జరుగుతుంటే లెక్కపెట్టేవాడికి ఏమవుతుందో ఇదీ అంతే.

ప్రింటా, డీబగ్గరా, కాగితమా, చాట్‌బాటా

తప్పుని వెతికే పద్ధతి మీద కూడా ఏకాభిప్రాయం లేదు. లూప్ లోపల ఒక ప్రింట్ లైను పెట్టి ప్రతి చుట్టులో ఐ ఎంత, మొత్తం ఎంత అని చూసేవాళ్లే ఎక్కువ. ఏ భాషలోనైనా, ఏ పాత సిస్టమ్ మీదైనా పనిచేస్తుంది. పది చుట్లకి బ్రహ్మాండంగా ఉంటుంది, పది లక్షల చుట్లకి స్క్రీన్ వరదైపోతుంది. డీబగ్గర్ అనే పనిముట్టు ప్రోగ్రాంని ఒక్కో లైను దగ్గర ఆపి పెట్టెలన్నీ తెరిచి చూపిస్తుంది. పెద్ద కోడ్‌లో దానికి సాటి లేదు, కానీ కొత్తవాళ్లకి ఆ బటన్లు నేర్చుకోవడమే ఇంకో సబ్జెక్టు. కాగితం మీద డ్రై రన్‌ది అన్నిటికంటే నెమ్మది నడక. దానికో ప్రమాదం కూడా ఉంది. కోడ్‌లో ఉన్నది కాకుండా మన మనసులో ఉన్నది రాసేసుకుంటాం. "<" చూసి "≤" అని చదివే కన్ను కాగితం మీద కూడా అలాగే చదువుతుంది.

ఇప్పుడు నాలుగోది వచ్చింది, చాట్‌బాట్‌కి కోడ్ అతికించి తప్పేమిటో అడగడం. ఇంత చిన్న లూప్‌లో అది చాలావరకు సరిగ్గానే చెబుతుంది. దాన్ని వాడొద్దనే మాస్టార్ల భయం, పిల్లలకి చుట్టు చుట్టుకీ ఊహించుకునే అలవాటు పోతుందని. వాడమనేవాళ్లు చెప్పేది, అర్ధరాత్రి సెమీకోలన్ కోసం గంట పోగొట్టుకోవడంలో నేర్చుకునేది ఏమీ లేదని. నా 11 కథ తలుచుకుంటే రెండోవాళ్ల మాటా కొట్టిపారేయలేను. అయితే నాకు ఆ సెమీకోలన్ ఇప్పటికీ గుర్తుంది.

మా మేనకోడలు ఆ రాత్రి ఇవేవీ వినలేదు. "మామయ్యా, ఒక్క నిమిషం" అని స్నేహితురాలికి ఫోన్ కలిపింది. ఆ అమ్మాయి అప్పటికే రేంజ్(10)ని రేంజ్(11) చేసి 55 తెప్పించింది. మావాళ్లమ్మాయీ అదే కొట్టింది, 55 వచ్చింది, థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. సున్నా నుంచి మొదలైనా కూడికలో పట్టుబడదు కదా.

మర్నాడు ల్యాబ్‌లో రెండో ప్రశ్న, పది ఫాక్టోరియల్, అంటే 1 నుంచి 10 దాకా అన్నీ గుణించడం. మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. "మామయ్యా, సున్నా వస్తోంది." నేను జవాబు టైప్ చేస్తుండగానే ఇంకోటి: "వద్దులే, తెలిసింది."